టీకా వచ్చిందనకండి, పరీక్షలో ఉందనండి

సంపాదకులు గారికి, నమస్కారాలు.

“బ్లడ్ క్యాన్సర్‌కు చెక్”, “క్యాన్సర్‌కు టీకా వచ్చేసింది” వంటి శీర్షికలు కొన్నేళ్లుగా మన పత్రికల్లోనూ, టీవీల్లోనూ తరచు కనబడుతున్నాయి. 2024 డిసెంబరులో రష్యా ప్రభుత్వం క్యాన్సర్ టీకా గురించి ప్రకటన చేశాక వీటి జోరు మరీ పెరిగింది. ఇలాంటి వార్తను ఫోన్‌లో చూపించి, ఆ టీకా ఇక్కడ వేస్తారా అని డాక్టర్లను అడిగే కుటుంబాలున్నాయి. రోగి సొంత వ్యాధినిరోధక కణాలతో తయారుచేసే టీకాల గురించి వైద్య పరిశోధన ఇంతవరకు ఏం తేల్చిందో, ఏది తేలలేదో మీ పాఠకులకు తెలియాలని, ఇంకా పరీక్షలో ఉన్నదాన్ని చికిత్సగా అమ్మడం మీద ప్రభుత్వం దృష్టి పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మన చర్మంలోనూ, రక్తంలోనూ, లింఫు గ్రంథుల్లోనూ డెండ్రైటిక్ కణాలని ఉంటాయి. వీటిని 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ గుర్తించి వర్ణించారు. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవి ముక్కలను తీసుకుని తమ పైపొర మీద ప్రదర్శించి, ఫలానా దాన్ని వేటాడాలని టీ కణాలకు (శత్రువును వెతికి చంపే ఒక రకం తెల్లకణాలకు) నేర్పడం వీటి పని. రక్త క్యాన్సర్లో చిక్కేమిటంటే, చెడిన కణం కూడా మన ఎముక మజ్జలో పుట్టిందే కావడం వల్ల టీ కణాలు దాన్ని పరాయిదిగా గుర్తించడం కష్టం. అందుకే ఆ నేర్పించే పనిని ఒంటి బయట, ప్రయోగశాలలో జరిపించి, శిక్షణ ఇవ్వగల కణాలను తిరిగి రోగికే ఎక్కించాలన్న ఆలోచన పుట్టింది. ఆరోగ్యంగా ఉన్నవారికి ముందుజాగ్రత్తగా వేసే టీకా కాదిది. కీమోతో జబ్బు అణిగిన తర్వాత అది తిరగబెట్టకుండా చూడడానికి ఉద్దేశించినది.

ఈ దారిలో బాగా ముందుకు వెళ్లినవారిలో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రానికి చెందిన డేవిడ్ అవిగన్, జాకలిన్ రోజెన్‌బ్లాట్, డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు చెందిన డొనాల్డ్ కూఫ్ ఉన్నారు. వారి పద్ధతిలో, అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలగానే, కీమో మొదలుపెట్టకముందే రోగి రక్తం నుంచో మజ్జ నుంచో క్యాన్సర్ కణాలను సేకరించి అతిశీతల స్థితిలో భద్రపరుస్తారు. కీమోతో జబ్బు అణిగాక, రక్తాన్ని యంత్రం గుండా పంపి తెల్లకణాలను వేరుచేస్తారు. డెంగీ రోజుల్లో ఒకే దాత నుంచి ప్లేట్‌లెట్లు తీసే యంత్రాన్ని చూసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు. ఆ తెల్లకణాల నుంచి వారం పది రోజుల్లో డెండ్రైటిక్ కణాలను పెంచి, దాచిన క్యాన్సర్ కణాలతో కలిపి ఒకే కణంగా అతికిస్తారు. ఆ కలయిక కణాలకు రేడియేషన్ ఇచ్చి, ఇక పెరగలేవని నిర్ధారించుకున్నాక, కొన్ని వారాల ఎడంతో చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఒకరికి చేసినది మరొకరికి పనికిరాదు.

2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఈ టీకా తీసుకున్న 17 మందిలో 12 మందికి, అంటే 71 శాతం మందికి, మధ్యగతంగా (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) 57 నెలల పరిశీలనలో జబ్బు తిరగబెట్టలేదు. వారి సగటు వయసు 63 ఏళ్లు; ఆ వయసులో ఈ జబ్బు చాలామందికి కొన్నేళ్లలోనే తిరిగివస్తుందని తెలిసినవారికి ఇది ఉత్సాహం కలిగించే ఫలితమే. అయితే ఆ 17 మంది ఎవరో చూడాలి. కీమోకు లొంగి, టీకా తయారయ్యేదాకా జబ్బు తిరగబెట్టకుండా నిలిచి, తగినన్ని కణాలు ఇవ్వగలిగినవారు మాత్రమే టీకా దాకా వచ్చారు. టీకా లేకుండా పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. మంచి మార్కులవారినే ఏరి చేర్చుకుని, తర్వాత వాళ్ల ర్యాంకులను పూర్తి పేజీ ప్రకటనల్లో చూపించే కార్పొరేట్ కాలేజీల లెక్క మనకు బాగా తెలిసిందే. పరిశోధకులకు ఈ లోపం తెలియక కాదు. తొలి దశ పరీక్ష ఎప్పుడూ ఇంతవరకే చెప్పగలదు.

పోలికతో చేసిన పరీక్ష ఏం చెప్పిందన్నదే అసలు విషయం, మన వార్తల్లో దాదాపు ఎన్నడూ కనబడనిది కూడా అదే. ఇదే పద్ధతిలో చేసిన టీకాను మల్టిపుల్ మైలోమా అనే మరో రక్త క్యాన్సర్ రోగుల మీద అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి పరీక్షించాయి. సొంత మూలకణాల మార్పిడి జరిగిన తర్వాత అందరికీ లెనలిడోమైడ్ అనే మందు ఇచ్చి, లాటరీ పద్ధతిలో కొందరికి టీకా కూడా కలిపారు. 203 మంది పేర్లు నమోదు చేసుకుంటే 140 మందే ఆ లాటరీ దాకా రాగలిగారు. 2023లో వచ్చిన ఫలితాల్లో, ఏడాది చివర జబ్బు పూర్తిగా అణిగినవారు టీకా గుంపులో 52.9 శాతం, మిగతావారిలో 50 శాతం. గణాంకాల దృష్టిలో ఇది తేడా కిందికి రాదు. టీకా వేసుకున్నవారిలో మైలోమా కణాలను గుర్తించే వ్యాధినిరోధక కణాలు పెరిగిన మాట నిజం, కానీ ఆ పెరుగుదల ఏడాదిలో రోగికి మేలుగా మారిందని చూపలేకపోయారు. ఒంటరిగా కాక, వేరే మందులతో జోడిస్తే ఫలితం ఉంటుందేమోనన్న దిశగా పరిశోధన సాగుతోంది. నా ఉద్దేశంలో ఆపకూడని పరిశోధన ఇది. అమ్మకూడనిది కూడా.

స్టైన్‌మన్ గారి కథను వార్తల్లో చాలా అందంగా రాస్తారు. 2007లో పాంక్రియాస్ క్యాన్సర్ బయటపడ్డాక ఆయన, తాను కనుగొన్న కణాలతోనే చేసిన ప్రయోగాత్మక చికిత్సలు తీసుకుని, అనుకున్న దానికన్నా చాలా ఎక్కువకాలం బతికారు. 2011లో నోబెల్ బహుమతి ప్రకటించడానికి మూడు రోజుల ముందు కన్నుమూశారు. ఆయన ఆయుష్షును పెంచింది ఆ చికిత్సలేనా, కీమోనా, జబ్బు తీరే అలాంటిదా అని ఒక్క మనిషిని చూసి ఎవరూ తేల్చలేరు. 2010లో అమెరికా అనుమతించిన ఇలాంటి తొలి ఉత్పత్తి కూడా ప్రోస్టేట్ క్యాన్సర్‌కే గాని రక్త క్యాన్సర్‌కు కాదు; అది ఆయుష్షును సుమారు నాలుగు నెలలు పెంచింది, అప్పటి ధర 93,000 డాలర్లు.

ఇక మన దగ్గర జరుగుతున్నది చూడండి. “మీ కణాలే మీకు మందు” అన్న ధోరణి ప్రకటనలతో, పోలిక పరీక్షలు లేకుండానే లక్షల రూపాయలు అడిగే ప్రైవేటు కేంద్రాలు నగరాల్లో ఉన్నాయి. మా బంధువుల్లో ఒకరు మైలోమాకు ఇలాంటి చోట డబ్బు కట్టడానికి పొలం బేరం పెట్టారు. రిజిస్టర్ అయిన పరీక్ష నంబరు చూపించమని మేము అడిగితే, అక్కడివారు చూపించలేదు. మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నిబంధనలున్నాయి. ప్రయోగశాలలో పెంచి, మార్చిన కణాలను మందుగా ఇవ్వాలంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. పరీక్ష జరిపితే 2009 నుంచి జాతీయ క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. మామూలు వైద్యానికి మించిన పరీక్ష ఖర్చును రోగి మీద వేయరాదని భారత వైద్య పరిశోధన మండలి నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే, పరీక్ష అయితే డబ్బు అడగకూడదు, చికిత్స అయితే అనుమతి పత్రం చూపాలి. రెండూ లేనిచోట ఔషధ నియంత్రణ అధికారులు ఎందుకు కదలరో ప్రభుత్వాలు చెప్పాలి.

ఇలాంటివి మనవల్ల కావని కూడా ఎవరూ అనుకోనక్కర్లేదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19 చికిత్సలోనూ రోగి సొంత కణాలనే తీసుకుని ప్రయోగశాలలో మారుస్తారు. అక్కడ వాడేది టీ కణాలను, మార్చేది జన్యువును. కనుక అది టీకా కాదు. కానీ రోగులపై పద్ధతి ప్రకారం పరీక్షించిన తర్వాతే 2023 అక్టోబరులో దానికి అనుమతి వచ్చింది. హైదరాబాదులో ఎంఎన్‌జే, నిమ్స్ ఉన్నాయి. విశాఖలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. జబ్బు తేలిన రోజునే, రోగి ఒప్పుకుంటే, క్యాన్సర్ కణాలను భద్రపరిచే ఏర్పాటు ఈ మూడింటిలో ఉండాలి. కీమో మొదలయ్యాక ఆ కణాలు కావాలన్నా దొరకవు; రేపు ఏ పరీక్ష మొదలైనా మన రోగులు అందులో చేరే అవకాశం అక్కడే పోతుంది.

ఆ ఒప్పుకోలు విషయంలో మనకు చేదు అనుభవం ఉంది. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, చాలా పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాతి విచారణల్లో బయటపడింది. ఆ టీకా వేసుకున్న కొందరు బాలికల మరణాలకు టీకా కారణమని తేలకపోయినా, పరీక్ష అనే మాట మీదే జనంలో అనుమానం మిగిలిపోయింది. లుకేమియా అని విన్న వారంలోనే సంతకం పెట్టవలసి వచ్చే మనిషికి, తెలుగులో, తీరిగ్గా, కాదనే హక్కు ఉందని చెప్పి వివరించే ఉద్యోగి ప్రతి ఆసుపత్రిలో ఉండాలి.

చివరగా మీకో విన్నపం. క్యాన్సర్ టీకా వార్త వేసినప్పుడల్లా అది ఎన్నో దశ పరీక్షో, ఎంతమంది మీద జరిగిందో, పోలిక గుంపు ఉందో లేదో వార్త మొదటి పేరాలోనే ఇవ్వండి. అలాగే ఇలాంటి కేంద్రాల్లో ఎన్నింటికి అనుమతి ఉందో రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలను మీ విలేకరుల ద్వారా అడిగించి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ