మైకు కొనకు, గెయిన్ దించు

ఒరేయ్ శీనూ,

నువ్వు రికార్డు చేసి పంపిన రెండు ఫైళ్లూ, పాటా కీబోర్డూ, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నా. పాటలో పల్లవి శుభ్రంగా ఉంది. చరణంలో పై షడ్జమం అందుకునేసరికి గొంతు బరబరమంటోంది. కొత్త మైకు కొంటానంటున్నావు, ఆగు. డబ్బు దండగ.

ఆడాసిటీలో, అదే నువ్వు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో, ఆ చోటుని బాగా పెద్దది చేసి చూడు. అలల తలలు కోసేసినట్టు చదునుగా ఉంటాయి. అదీ ఫైలు పట్టగలిగే గరిష్ఠ స్థాయి 0 డీబీ (డెసిబెల్) దగ్గర కాదు, దానికి కింద మైనస్ 6 దగ్గరే. అందుకే శబ్దం హద్దు దాటి తెగిందని (క్లిప్పింగ్) చెప్పే ఎర్రగీతలు నీకు కనబడలేదు. అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, ఇంటర్‌ఫేస్‌లోనే సిగ్నల్ తెగింది, నువ్వు తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వాల్యూం తగ్గించావు. తెగిన తలలు స్లైడర్ దించితే మళ్లీ మొలవవురా!

ఇంటర్‌ఫేస్ మీద మైకు సిగ్నల్‌ని పెంచే గెయిన్ నాబ్ పూర్తిగా తగ్గించి, మైకుకి జానెడు దూరంలో కూర్చుని, పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే సంగతే పాడు. అందరూ "హలో, మైక్ టెస్టింగ్" అని లెవెల్ పెట్టేస్తారు, కొంప మునిగేది అక్కడే. నాబ్ మెల్లగా పెంచుతూ పో. పీకులు, అంటే అలల శిఖరాలు, మైనస్ 12 డీబీకీ మైనస్ 6కీ మధ్య ఆడితే చాలు. రికార్డింగ్ నాణ్యత 24 బిట్‌లో పెట్టుకుంటే తక్కువగా వచ్చిందన్న బెంగ అక్కర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు. నాబ్ సున్నాలో ఉన్నా ఎర్రలైటు వెలుగుతోందా? మైకు మీద సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ స్విచ్ ఉంటే వెయ్యి, లేదంటే ఇంకో జానెడు వెనక్కి జరుగు. దూరం రెట్టింపైతే సుమారు 6 డీబీ తగ్గుతుంది.

కీబోర్డు ఫైలు రోగం వేరు. అది మొదటినుంచీ బొంగురే. కీబోర్డు శబ్దం బయటికొచ్చే లైన్ అవుట్ తీసుకెళ్లి ల్యాప్‌టాప్ మైకు సాకెట్లో గుచ్చావు కదూ? మైకు ఇచ్చేది మిల్లీవోల్టుల్లో, కీబోర్డు ఇచ్చేది దాదాపు వోల్టు దాకా. పైగా విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ 20 డీబీ పెట్టి ఉంటే ఇంకేం మిగులుతుంది? ఇంటర్‌ఫేస్‌లో పెద్ద జాక్‌కే పెట్టు. గిటార్ కోసం ఉండే 'ఇన్‌స్ట్' బటన్ ఆపెయ్యి.

మధ్యలో టప్ టప్ మంటున్నదానికి మాత్రం దీనితో సంబంధం లేదు. ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కోసారి ఎంతెంత ముక్కగా అందుకోవాలో చెప్పే అంకె, 128 నుంచి 512కి మార్చి చూడు.

పాడైన రికార్డింగుకి ఆడాసిటీలోనే తెగిన తలల్ని సర్దే క్లిప్ ఫిక్స్ అనే ఎఫెక్ట్ ఉంది. ఆ ముక్క ఒక్కటే సెలెక్ట్ చేసి, థ్రెషోల్డ్ (ఎంత ఎత్తు దాటితే తెగినట్టు లెక్కో ఆ హద్దు) 95 శాతం ఇచ్చి చూడు. ఒకటి రెండు అక్షరాలైతే సర్దుకుంటుంది. చరణం మొత్తం అంటే మళ్లీ పాడాల్సిందే, బేరం లేదు.

ఈసారి ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలే పంపు. నాబ్ ఏ అంకె మీద ఉందో కూడా రాయి.

నీ
మూర్తి