జెర్రీ లేని స్పెషల్స్

చిన్నా,

నువ్వు అడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదనిపించి రాస్తున్నాను. బ్యాండు మళ్లీ కలుస్తోంది, దాన్ని మొదలుపెట్టిన అబ్బాయి మాత్రం రావట్లేదు, డ్రమ్స్‌కి నిన్ను రమ్మంటున్నారు. వెళ్లాలా, మానాలా? ఎంత టెన్షన్ పడుతున్నావో గొంతులోనే తెలిసింది. ఇంగ్లండులో ఈ కోవెంట్రీలో పెరిగిన పిల్లాడివి కాబట్టి నీకు ఊరి కథే చెప్తాను. మన ఊరి బ్యాండు స్పెషల్స్ దాన్ని మొదలుపెట్టిన జెర్రీ లేకుండానే మళ్లీ కలిసింది కదా, దాని గురించి ఇక్కడి జనం 2008 నుంచీ ఇదే వాదించుకుంటున్నారు.

పాటలన్నీ నీకు నోటికొచ్చు. ఆ నలుపు తెలుపు గళ్ల పోస్టరు ఇప్పటికీ నీ గది గోడ మీదే ఉంది. కానీ వాళ్లు ఎలా కలిశారో, ఎలా విడిపోయారో ఎప్పుడైనా తీరిగ్గా చదివావో లేదో తెలీదు.

జెర్రీ డామర్స్ పుట్టింది ఎక్కడో తెలుసా? ఊటీలో, 1955లో. ఆ సంగతి తెలిసిన రోజు నాకు భలే సరదా వేసి మీ నాన్నకి రెండుసార్లు చెప్పాను. వాళ్ల నాన్నగారు చర్చి ఫాదర్, తర్వాత మన కోవెంట్రీ కెథడ్రల్లో పనిచేశారు. జెర్రీ ఇక్కడి లాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో ఆర్ట్ చదువుతూ హోరేస్ పాంటర్‌ని కలిశాడు. అదే ఇప్పటి కోవెంట్రీ యూనివర్సిటీ. 1977లో బ్యాండు మొదలైంది. జెర్రీ కీబోర్డు, హోరేస్ బేస్, లిన్వల్ గోల్డింగ్ గిటార్. తర్వాత టెర్రీ హాల్, నెవిల్ స్టేపుల్, రాడీ రేడియేషన్, జాన్ బ్రాడ్‌బరీ ఒక్కొక్కరూ చేరారు. లిన్వల్, నెవిల్ ఇద్దరూ చిన్నప్పుడే జమైకా నుంచి వచ్చినవాళ్లు.

వాళ్లు వాయించిన స్కా సంగీతం అంటే ఏంటో డ్రమ్మరువి నీకు నేను చెప్పేదేముంది. రెండు దెబ్బల మధ్య ఖాళీలో గిటార్ చటుక్కున మోగుతుంది చూడు, కొత్తలో అది విని ఎవరో తాళం తప్పుతున్నారనుకునేదాన్ని. జమైకాలో 1950ల చివర్లో పుట్టిన ఆ దరువుకి వీళ్లు ఇంగ్లండు పంక్ కుర్రాళ్ల కోపం కలిపారు. నల్లవాళ్లని దేశం నుంచి పంపేయాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ వాళ్లు వీధుల్లో ఊరేగే రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే స్టేజీ మీద గంతులేస్తూ పాడటం మామూలు సంగతి కాదు. 1979లో జెర్రీ టూ టోన్ అని సొంత రికార్డు లేబుల్ పెట్టాడు, అర్ల్స్‌డన్‌లో అల్బనీ రోడ్డులో తనుంటున్న ఇంట్లోంచి నడిపాడు. ఆ గళ్లు, సూటూ నల్లకళ్లద్దాలూ వేసుకున్న ఆ లేబుల్ బొమ్మ మనిషి, ఎక్కువ పాటలు, అసలు ఆ ఆలోచన మొత్తం ఆయనదే. అందుకే ఆయన్ని పక్కనపెట్టి స్పెషల్స్ అంటే కొందరికి ఒళ్లు మండుతుంది. నాకది అర్థమవుతుంది.

కానీ రెండోవైపు కూడా చూడు. 1980లో రెండో ఆల్బమ్ చేసేటప్పుడు జెర్రీకి హోటల్ లాంజుల్లో వినిపించే మెత్తటి సంగీతం మీద మోజు కలిగింది. మిగతావాళ్లలో కొందరికి అది సుతరామూ నచ్చలేదు. 1981లో 'ఘోస్ట్ టౌన్' రికార్డింగ్ గొడవల మధ్యే జరిగింది. ఆ పాట జెర్రీది. అదే రికార్డు వెనకవైపు రెండు పాటలున్నాయి. 'వై?' లిన్వల్ రాశాడు, తన మీద జరిగిన జాతివివక్ష దాడి గురించి. 'ఫ్రైడే నైట్, సాటర్డే మార్నింగ్' టెర్రీ రాశాడు. 'రాట్ రేస్', 'కాంక్రీట్ జంగిల్' రాడీవి. బ్యాండంతా ఒక్కడి బుర్రలోంచే ఊడిపడిందని ఎవరైనా అంటే ఆ ఒక్క రికార్డు తిరగేసి చూపించు చాలు.

ఆ ఏడాది ఏప్రిల్లో మన సిటీ సెంటర్లో ఒక సిక్కు స్టూడెంటుని చంపేశారు. నీకంటే చిన్నవాడే. తెల్లతోలు కాకపోవడమే అతను చేసిన నేరం. జూన్‌లో స్పెషల్స్ ఇక్కడే వివక్షకి వ్యతిరేకంగా కచేరీ పెట్టారు. జులైలో దేశంలో ఊరు తర్వాత ఊరు అల్లర్లతో మండుతుంటే, మూతపడ్డ క్లబ్బుల గురించీ పనుల్లేని కుర్రాళ్ల గురించీ రాసిన 'ఘోస్ట్ టౌన్' నంబర్ వన్‌గా మోగుతోంది. సరిగ్గా అప్పుడే టెర్రీ, నెవిల్, లిన్వల్ ముగ్గురూ వెళ్లిపోయి ఫన్ బాయ్ త్రీ పెట్టుకున్నారు. ఆ రోజుల గురించి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అంత అవసరమైన సమయంలో విడిపోయారు.

జెర్రీ స్పెషల్ ఏకేఏ పేరుతో కొనసాగాడు. 1984లో 'నెల్సన్ మండేలా' పాట చేశాడు. బ్రిటన్‌లో మండేలా పేరు తెలియని ఎంతోమంది కుర్రాళ్లకి ఆ పాటే మొదటి పరిచయం. స్పెషల్స్ లేకపోయినా ఆయన చేతిలో పని ఆగలేదు, అది గుర్తుపెట్టుకో.

ఇక 2008. బెస్టివల్ అనే సంగీతోత్సవంలో వాళ్లు మొదట వాయించినప్పుడు స్పెషల్స్ అన్న పేరు పెట్టలేదు, టెర్రీ హాల్ అండ్ ఫ్రెండ్స్ అన్నారు. మరుసటి ఏడాది, ముప్పై ఏళ్ల సందర్భమని, పాత పేరుతోనే టూర్ వేశారు. తనని బయటికి నెట్టేశారని జెర్రీ అన్నాడు. ఆయన కోసం తలుపు తెరిచే ఉందని వాళ్లన్నారు. అప్పట్లో నాతో పనిచేసే ఒకావిడ, పుట్టి పెరిగింది ఇక్కడే, టికెట్లు దొరికాయని ఎగిరి గంతేసింది. వాళ్లాయన ససేమిరా రానన్నాడు, జెర్రీ లేనిది నేనెందుకు రావాలని. ఆవిడ చెల్లెల్ని తీసుకుని వెళ్లొచ్చి, గొంతు పోయి రెండు రోజులు సైగలతో మందులిచ్చింది. ఇద్దరిలో ఎవరిది తప్పు? నన్నడిగితే ఎవరిదీ కాదు. కానీ నేనైతే ఆవిడతోనే వెళ్లేదాన్ని. ఆ పాటల్ని వాళ్లంతా కలిసి ఎండలో వానలో వ్యాన్లో తిరిగి జనం దగ్గరికి చేర్చారు. వాటిని మళ్లీ వాయించుకునే హక్కు వాళ్లకి లేదనడం నాకు మనసొప్పదు.

తర్వాత ఏమైందో చూడు. 2013లో నెవిల్, 2014లో రాడీ వెళ్లిపోయారు. 2015 చివర్లో బ్రాడ్‌బరీ చనిపోయాడు. అయినా 2019లో మిగిలిన ముగ్గురూ కలిసి చేసిన 'ఎన్‌కోర్' నంబర్ వన్ అయింది. వాళ్ల ఆల్బమ్ ఒకటి మొదటి స్థానానికి రావడం అదే మొదటిసారి. 2022 డిసెంబరులో టెర్రీ హాల్ 63 ఏళ్లకే పోయాడు, దాంతో బ్యాండు ఆగిపోయింది. జెర్రీ లేకుండా పద్నాలుగేళ్లు నడిచిన బండి టెర్రీ లేకుండా కదల్లేదు. పెట్టినవాడూ, లేకపోతే గడవనివాడూ ఒకడే కానక్కర్లేదన్నమాట. మీ బ్యాండులో ఆ రెండోవాడు ఎవరో నాకు తెలీదు, నీకు తెలిసే ఉంటుంది.

ఇక నీ సంగతి. వెళ్లు. కానీ ఆ 'తలుపు తెరిచే ఉంది' అన్న మాట నాకు అస్సలు నచ్చదు. మన పెళ్లిళ్లకి ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాం, గేటు తీసే ఉంది రండి అనం కదా. మీ ముగ్గురిలో ఎవరో ఒకరు ఆ అబ్బాయి దగ్గరికి స్వయంగా వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో పడేసి చూశాడో లేదో అని నీలం టిక్కులు లెక్కపెట్టకండి. రమ్మనండి. రానంటే ఎందుకో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి. తిడితే తిట్టనివ్వు. పోస్టరు పడ్డాక అతనికి వేరేవాళ్ల ద్వారా తెలిసిందనుకో, ఆ మచ్చ పోదు.

పేరు దగ్గర జాగ్రత్త. బర్మింగ్‌హామ్ బ్యాండు ద బీట్ సంగతి విన్నావుగా, డేవ్ వేక్లింగ్ అమెరికాలో ఒకటి, ర్యాంకింగ్ రోజర్ ఇక్కడ ఒకటి, ఒకే పాటలతో రెండు బ్యాండులు నడిపారు. యూబీ40 అనే బ్యాండు గొడవ అయితే పేరు కోసం కోర్టు దాకా వెళ్లింది. మీకు అంత ఆస్తిపాస్తులేమీ లేవనుకో, అయినా మొదటి షోకి మీరూ వేరే పేరు పెట్టుకోండి.

పాటల విషయం కూడా. వేదిక వాళ్లకి పీఆర్‌ఎస్ (పాటలు రాసినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) లైసెన్స్ ఉంటే అతని పాటలు స్టేజీ మీద వాయించడానికి ఇబ్బంది ఉండదు. కానీ ఎవరు రాసిన పాటకి వాళ్ల పేరే వెళ్లాలి. అతను అందులో సభ్యుడైతే సెట్‌లిస్టు తప్పకుండా పంపించండి, ఎంత చిన్న మొత్తమైనా అతనికి రావాల్సింది అతనికి రావాలి. కొత్తగా రికార్డు చేసి ఎక్కడైనా పెట్టాలనుకుంటే మాత్రం ముందు అతనితో మాట్లాడండి. స్టేజీ మీద కూడా ఒకసారి, ఇది ఫలానావాడు రాసిన పాట అని చెప్పు. డ్రమ్మర్లకి మైకు ఇవ్వరంటావేమో, లాక్కో.

షో తేదీ ఖాయమవగానే చెప్పు, డ్యూటీ మార్చుకోవాలి. మీ నాన్న మాత్రం ఇదంతా చదివి, 'వాడు లేనిది వాళ్ల బ్యాండెలా అవుతుంది' అంటున్నారు. నా మాటే వినక్కర్లేదు, ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆయన్ని కూడా అడుగు.

అమ్మ