లోపల మనిషి లేడు సరే, వెనక ఎవరున్నారు?

సంపాదకులకు నమస్కారం.

మనిషిని పోలిన రోబోలపై జనం విసురుతున్న ఛలోక్తుల గురించి ఇటీవల మీరు ప్రచురించిన వ్యాసంలో, కొత్త సాంకేతికత అర్థం కాకపోవడమే ఈ నవ్వులకు కారణమని రచయిత తేల్చేశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. ఆ ఛలోక్తుల్లో చాలావరకు 'ఇంతకీ ఇందులో మనిషి ఉన్నాడా?' అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. అది అడగవలసిన ప్రశ్నే.

1770లో కెంపెలెన్ అనే హంగరీ ఆవిష్కర్త వియన్నా రాజసభలో చదరంగం ఆడే యంత్రాన్ని ప్రదర్శించాడు. ఆట మొదలుకాక ముందు పెట్టె తలుపులు ఒక్కొక్కటే తెరిచి, కొవ్వొత్తి వెలుగులో లోపలి పళ్లచక్రాలను చూపించేవారు; చూసినవారు నమ్మేవారు; చేయి తిరిగిన ఆటగాడొకడు మాత్రం తలుపు తెరుచుకున్నప్పుడల్లా పక్కకు జరుగుతూ ఆ పెట్టెలోనే ఉండేవాడు. ఆ యంత్రం చేతిలో 1809లో నెపోలియన్ అంతటివాడు ఓడిపోయాడు. 2018లో రష్యా టెలివిజన్ 'బోరిస్' అనే అత్యాధునిక రోబోను చూపించి మురిసిపోతే, ఫొటోల్లో తొడుగు సందులోంచి కనిపిస్తున్న మెడను ప్రేక్షకులే పట్టేశారు. అది వేషం వేసుకున్న మనిషి. నవ్విన జనం అమాయకులా, చూపించినవారా?

ఈ అనుమానం అప్పుడప్పుడు పొరపాటు పడుతుంది కూడా. 2025 నవంబరులో చైనాకు చెందిన ఎక్స్‌పెంగ్ సంస్థ తెచ్చిన 'ఐరన్' రోబో నడక మరీ సహజంగా ఉండటంతో, లోపల తప్పకుండా ఎవరో ఉన్నారని జనం పట్టుబట్టారు. చివరకు వేదికపైనే దాని కాలి తొడుగును కత్తిరించి లోపలి యంత్రభాగాలను చూపించవలసి వచ్చింది. బాగా నడిచినందుకు కాలు కోయించుకున్న రోబో బహుశా ఇదొక్కటే అయి ఉంటుంది.

అదే నెలలో మాస్కోలో మరో రోబో వేదిక మీదికి వస్తూనే బోర్లా పడింది. పడినందుకు వచ్చిన నవ్వు కొంతే. సిబ్బంది హడావుడిగా ఒక నల్ల తెరను లాక్కొచ్చి దానికి అడ్డుపెట్టబోయి, ఆ తెరతోనే అవస్థ పడటం చూసి వచ్చిన నవ్వే ఎక్కువ. ఆ తరువాత లైటింగ్ సరిపోలేదన్న వివరణ కూడా వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే కాబోలు. దీనికి భిన్నంగా 2025 ఏప్రిల్‌లో బీజింగ్ హాఫ్ మారథాన్‌లో 21 రోబోలు పరుగుకు దిగినప్పుడు దాపరికమేదీ లేదు. పక్కన పరుగెత్తే ఇంజనీర్లు, దారిలో బ్యాటరీ మార్పిడి అన్నీ అందరి కళ్ల ముందే జరిగాయి. గెలిచిన 'తియాన్‌గాంగ్'కు 2 గంటల 40 నిమిషాలు పైగా పట్టింది. బయలుదేరే చోటే పడిపోయిన ఇంకో రోబోను చూసి మేమూ నవ్వాం గాని, ఆ నవ్వు తప్పటడుగులు వేసే పసివాడిని చూసి నవ్వే నవ్వు. అందులో వెటకారం లేదు.

అయితే ఇప్పుడు లోపల వెతికితే సరిపోదు. 2024 అక్టోబరులో టెస్లా తన వేడుకలో అతిథులకు పానీయాలు అందిస్తూ, కబుర్లు చెప్పే ఆప్టిమస్ రోబోలను చూపించింది. వాటిని చాలావరకు మనుషులే దూరం నుంచి నడిపించారని తరువాత బయటపడింది. తోలుబొమ్మను ఎంత విప్పి చూసినా ఆడించేవాడు అందులో దొరకడు కదా! దూరం నుంచి నడపడం తప్పేమీ కాదు. ప్రమాదకరమైన చోట్ల అదే మేలు. చెప్పకుండా నడపడమే తప్పు.

కాబట్టి రోబో ఫొటో వేసినప్పుడల్లా దాని కింద ఒక్క వాక్యం చేర్చవలసిందిగా నా మనవి: ఈ పనిని అది తనంతట తాను చేసిందా, ముందే నేర్పిన కదలికలను తిరిగి చేసి చూపిందా, ఎవరైనా వెనక నుంచి నడిపించారా? ఆ సంగతి సంస్థ చెప్పకపోతే, చెప్పలేదనే వేయండి.

భవదీయుడు,
ఒక పాత చందాదారు