రాట్నం ఎక్కడ పోయింది?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో 1942 నాటి బెజవాడ కథ మీద సమీక్ష వచ్చింది. ‘ఆనాటి ఊరిని కళ్లకు కట్టారు’ అని రాస్తే నమ్మి ఇంటిల్లిపాదీ వెళ్లాం. కళ్లకు కట్టింది గంతలు.

క్విట్ ఇండియా ఊరేగింపులో హీరో చేతిలో ఉన్న జెండా మీద అశోక చక్రం! ఆ చక్రాన్ని ఆమోదించిందే 1947 జూలై 22న. అప్పటిదాకా ఉన్నది రాట్నం. ఇంకో ఊరి కథైతే పోనీలే అనుకునేవాణ్ణి. 1921లో గాంధీగారికి పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఇచ్చింది ఈ ఊళ్లోనే. ఆ ముచ్చట చెప్పే బాపు మ్యూజియం బందరు రోడ్డు మీదే ఉంది. సినిమా వాళ్లలో ఒక్కరికీ అటు తొంగిచూసే తీరిక లేకపోయిందా?

పోలీసులు తరిమితే అతగాడు పరిగెత్తేది ప్రకాశం బ్యారేజీ మీద. అది పూర్తయింది 1957లో. అంటే పంతులుగారు ఆ ఉద్యమంలో జైల్లో ఉండగానే ఆయన పేరిట బ్యారేజీ కట్టేశారన్నమాట!

అసలు ఒళ్లు మండింది కొట్టు సీనుకి. హీరో తల్లి పావుకిలో చింతపండు అడుగుతుంది. శెట్టిగారు వేసిన తూకం రాయి మీద ‘200 గ్రా’ అన్న అంకెలు తెర నిండా కనపడతాయి. ఆవిడ కొంగుముడి విప్పి ఇచ్చేదేమో చదరపు ఐదు పైసల బిళ్ల. నయాపైసలే 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, కిలోలు ఆ తర్వాత. వీశె, పలం, కాణీ, బేడ అని ఇంట్లో ఏ ముసలావిణ్ణి అడిగినా చెప్పేది. గ్రాఫిక్కులకు కోట్లు పోసినవారికి రాట్నం జెండా కుట్టించడానికి గజం గుడ్డ కరువైంది.

సెన్సారు వారు చుట్ట కనపడితే చాలు, తెర కింద హెచ్చరిక వేయిస్తారు. జెండా మాత్రం ఆనదు. బ్యారేజీ మీద రాకపోకలు ఆపి షూటింగుకు అనుమతిచ్చిన అధికారులైనా ‘ఏ సంవత్సరం కథ బాబూ?’ అని అడగొద్దూ? మూడు కాలువల్లో గుర్రపుడెక్క తీయించడానికే తీరిక లేనివారికి చరిత్ర దేనికిలెండి!

మీ సమీక్షకుడు గారు ‘సెకండాఫ్ సాగదీత’కు ఒకటిన్నర మార్కులు కోసి, మూడున్నర వేశారు. జెండాకు, బ్యారేజీకి, చింతపండుకు ఎంత కోస్తారో లెక్క చూసి, సవరించిన మార్కులు వచ్చే ఆదివారం అచ్చువేయండి.

– ఒక పాత చందాదారుడు, సత్యనారాయణపురం, విజయవాడ