వేసవి సెలవుల్లో బైబిలు చదువు: కొంచెమే, నిదానంగా

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువు నామంలో వందనాలు. సెలవులు దగ్గరపడగానే మన బడిలోని క్రైస్తవ కుటుంబాలు ఏటా ఒక మాట అడుగుతుంటాయి: "ఈ వేసవిలో పిల్లలతో బైబిలు మొత్తం చదివించాలా?" వద్దనే చెబుతాను. అరవై ఆరు పుస్తకాల్లో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడు వారాల్లో ముగించాలంటే రోజుకు దాదాపు ఇరవై అయిదు చదవాలి. ఆదికాండం కథలతో హుషారుగా సాగుతుంది. నిర్గమకాండం 25వ అధ్యాయంలో ప్రత్యక్షపు గుడారం (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) కొలతలు మొదలవగానే నడక మందగిస్తుంది. లేవీయకాండం వచ్చేసరికి పుస్తకం బీరువాలోకి వెళ్లిపోతుంది, పిల్లలకు "మా వల్ల కాలేదు" అన్న దిగులే మిగులుతుంది. ఏడాదంతా హోంవర్కు, యూనిట్ టెస్టులు, ట్యూషన్లతో పరుగెత్తిన పిల్లలకు మరో సిలబస్ పెట్టకండి.

మొదటి వారం రూతు గ్రంథం చదవండి. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. రోజుకో అధ్యాయం చదివి, అయిదో రోజు మొత్తం ఒక్కసారి బిగ్గరగా చదివితే ఇరవై నిమిషాలకు మించదు. ఆ కథలో బెత్లెహేము భాగం యవల (బార్లీ) కోతతో మొదలై గోధుమ కోత ముగిసేదాకా నడుస్తుంది. మన పల్లెల్లో యాసంగి వరి కోతలు అయ్యే రోజులే కాబట్టి పిల్లలకు బాగా అందుతుంది.

రెండో అధ్యాయంలో కాసేపు ఆగండి. పరదేశం నుంచి అత్తతో వచ్చిన విధవరాలు రూతు సాయంత్రం దాకా పరిగె (కోతలో రాలిన వెన్నులు) ఏరి, ఏరినదాన్ని దుల్లగొడుతుంది. పొలం యజమాని బోయజు తన పనివాళ్లతో, ఆమె కోసం పనల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడేయమంటాడు, ఆమెను గద్దించవద్దంటాడు. చేను అంచుల దాకా కోయవద్దని, పరిగెను బీదలకు, పరదేశులకు వదలమని లేవీయకాండం 19లో ఉంది. మిషన్ కోతలే చూసిన పిల్లలకు పరిగె అంటే తెలియదు. నాయనమ్మను అడగమనండి. వరి చేలో పరిగె ఎలా ఏరేవాళ్లో ఆమె చెప్పాక అదే అధ్యాయం మళ్లీ చదివించండి, రూతు పడ్డ కష్టం అప్పుడు కళ్లకు కడుతుంది.

తర్వాత అయిదు వారాలు మార్కు సువార్త. పదహారు అధ్యాయాల్లో ఒక్కోదాన్ని రెండు రోజులకు పంచుకోండి. 6వ అధ్యాయం 31వ వచనం ముఖ్యంగా పెద్దల కోసం. వచ్చేపోయే జనంతో శిష్యులకు తినడానికి కూడా తీరిక లేకపోతే, ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు యేసు. వాళ్లు పడవ దిగేలోపే జనం అక్కడికీ చేరారు. ఆయన విసుక్కోలేదు, కనికరపడ్డాడు. సెలవుల్లో చుట్టాలతో నిండిన ఇంట్లో అలసిపోయే తల్లులకు ఈ భాగం చాలా దగ్గరగా ఉంటుంది.

చివరి వారం కీర్తనలు: 23, 121, 131. 131వది మూడే వచనాలు. తల్లి ఒడిలో పాలు విడిచిన పిల్లలా ప్రాణం నిమ్మళించడం గురించి అది.

ఇక చదివే తీరు. నల్లగొండ మే ఎండల్లో మధ్యాహ్నం పుస్తకం పడితే కునుకే వస్తుంది. పొద్దున ఆరులోపు, లేదా దీపాలు పెట్టాక డాబా మీద నీళ్లు చల్లి, వేడి తగ్గాక కూర్చోండి. పది, పదిహేను నిమిషాలు చాలు. ఆ రోజు భాగం చదివాక, అందులోని అయిదారు వచనాలు ఒకరు బిగ్గరగా చదవాలి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. అవే వచనాలు ఇంకొకరు మళ్లీ చదవాలి. ఒక్కొక్కరు మనసుకు తగిలిన మాట ఒకటి చెప్పి, చిన్న ప్రార్థనతో లేవాలి. 12వ శతాబ్దపు సన్యాసి గీగో రాసిన నాలుగు మెట్లు, అంటే చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరకుండటం, ఇంచుమించు ఇవే.

ఆ రెండు నిమిషాల మౌనం దగ్గరే చాలా ఇళ్లలో తేడా వస్తుంది. పెద్దలు వెంటనే ప్రసంగం మొదలుపెడతారు, లేదా "ఏం అర్థమైంది చెప్పు" అని నిలదీస్తారు. అది పిల్లలకు పరీక్షలా అనిపిస్తుంది, మర్నాడు తప్పించుకుంటారు. ఫోన్‌లో చదివినా ఇబ్బందే: ఒక్క మెసేజ్ మోగితే మనసు అటే పోతుంది. అచ్చు పుస్తకం తీసుకుని ఫోన్లు వేరే గదిలో పెట్టండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు పాత అనువాదంలోని గ్రాంథికం దగ్గర తడబడతారు. నాయనమ్మో అమ్మమ్మో చదువుతుంటే వాళ్లు వేలు పెట్టి అక్షరాల వెంట రావాలి. తప్పు చదివితే దిద్దకండి, పెద్దవాళ్లు ఇంకోసారి చదివితే చాలు.

ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెండు రోజుల పాఠం చదివించకండి. ఆగినచోటి నుంచే మొదలుపెట్టండి.

ఆదివారం గుడి నుంచి వచ్చాక ట్యూషనూ వద్దు, పనులూ వద్దు. నిర్గమకాండం 20వ అధ్యాయంలో విశ్రాంతి దినాజ్ఞ కొడుకు, కూతురు, దాసదాసీలు, పశువులదాకా అందరినీ పేరుపెట్టి చెబుతుంది. అందరూ పడుకుంటే అమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర ఉండటం ఆ ఆజ్ఞకు తగదు. తెల్లవారుజామున పులిహోర కలిపి పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఆగుతుంది. గిన్నెలు తండ్రులు, పెద్దపిల్లలు కడగాలి.

ఈ చదువుకు సర్టిఫికెట్లు, బహుమతులు ఉండవు. జూన్‌లో బడి తెరిచాక ఎన్ని అధ్యాయాలయ్యాయని మేము అడగం. ఇతర మతాల తల్లిదండ్రులు ఇదే పద్ధతిలో తమ ఇంటి గ్రంథాలను, మంచి కథల పుస్తకాలను చదివించుకోవచ్చు. మే నెలంతా మంగళ, శుక్రవారాల్లో పొద్దున ఎనిమిది నుంచి పది వరకు మన గ్రంథాలయం తెరిచే ఉంటుంది. చూపు తగ్గిన పెద్దల కోసం పెద్ద అక్షరాల బైబిళ్లు కొన్ని ఉన్నాయి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి రెండు వారాలకు తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు