ఆముదం విలువ గింజ తూకంతోనే ఆగిపోవాలా?

సంపాదకులకు నమస్కారం.

పాలమూరు, నల్లగొండ ఎర్ర చెల్కల్లో వానాధారంగా పండే ఆముదాన్ని ఇప్పటికీ నూనెగింజగానే లెక్కిస్తున్నారు. దాని అసలు విలువ నూనె అణునిర్మాణంలో ఉందన్న సంగతి ప్రభుత్వం దృష్టికి రావాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లమే. 18 కర్బనాల ఈ గొలుసులో 9, 10 కర్బనాల మధ్య ద్విబంధం, 12వ కర్బనం మీద హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జత) ఉంటాయి. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెల్లో లేని ఈ అమరిక వల్లనే ఆముదపు గొలుసును కోరిన చోట తెంపగలుగుతున్నారు. కాస్టిక్ సోడాతో అధిక ఉష్ణోగ్రత వద్ద చర్య జరిపితే 10 కర్బనాల సెబాసిక్ ఆమ్లం, 8 కర్బనాల ఆల్కహాలు వస్తాయి. అదే నూనెను మిథనాల్‌తో కలిపి మిథైల్ ఎస్టరుగా మార్చి సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద విడగొడితే, సుగంధ ద్రవ్యాలకు పనికివచ్చే హెప్టాల్డిహైడ్‌తో పాటు అండెసిలినిక్ ఆమ్లపు ఎస్టరు లభిస్తుంది. తామర మందుల్లో వాడేది ఆ ఆమ్లమే. వాహనాల ఇంధన గొట్టాలకు వాడే నైలాన్-11కు మూలమూ అదే. ఈ చర్యలను బోర్డు మీద రాసిన ప్రతిసారీ, ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఎందరి చేలల్లోనో ఆముదం ఉందన్న ఆలోచన నన్ను కలవరపెట్టేది.

ప్రపంచంలో ఆముదాన్ని అత్యధికంగా పండించేది మన దేశమే. అందులో సింహభాగం గుజరాత్‌ది. బూజు తెగులుకు గెలలు కుళ్లి, ధర నిలకడ లేక మా రైతులు పత్తికి మళ్లారు. మిగిలినవారికి కూడా మార్కెట్ యార్డులో తూకం పూర్తికాగానే పంటతో సంబంధం తెగిపోతోంది.

రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ, తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ, పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. ఈ మూడింటినీ రైతు ఉత్పత్తిదారుల సంఘాలతో కలిపి, ముందుగా ఒక చిన్న ప్రయోగాత్మక కర్మాగారాన్ని పాలమూరులో నెలకొల్పాలని, రైతులకు అందులో వాటా కల్పించాలని కోరుతున్నాను. అయితే సెబాసిక్ ఆమ్లం తయారీలో ఫినాల్, క్రెసాల్ అనే రసాయనాలు వాడే పాత పద్ధతి వల్ల విషపూరిత వ్యర్థజలం వెలువడుతుంది. ఆ నీటిని శుద్ధిచేసే ఏర్పాటు పూర్తయ్యాకే ఉత్పత్తికి అనుమతి ఇవ్వాలి; చెరువులను పాడుచేసే పరిశ్రమ మాకు వద్దు.

— విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు, మహబూబ్‌నగర్