రిపేరు చీటీ మీద పరీక్ష వివరాలు రాయించాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించడానికి పనికిరాని పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లలో కొందరు విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టం అయిన లైనక్స్ వైపు వస్తున్నారు. అలా వచ్చినవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది తరచుగా వైఫైదే. ఈ విషయంలో మా ఇంట్లో జరిగిన ఒక అనుభవాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, ముఖ్యంగా రిపేరు దుకాణాల వారి దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పరకాల నుంచి వచ్చి హనుమకొండలో మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్న మా తమ్ముని కొడుకు దగ్గర పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. దానిలో ఉబుంటు అనే లైనక్స్ రకం ఎక్కించాము. తెర, కీబోర్డు, సౌండు అన్నీ పనిచేశాయి గానీ వైఫై గుర్తు మాత్రం కనిపించలేదు. ఊళ్లో ఒక దుకాణానికి తీసుకెళ్తే, మూత కూడా తెరవకుండానే, "వైఫై కార్డు ఖరాబైంది సార్, మార్చాలె" అని 1,800 రూపాయలు చెప్పారు. అంత పెట్టలేమంటే 700 రూపాయలకు యూఎస్‌బీ డాంగిల్ (బయట తగిలించే వైఫై పరికరం) అమ్మారు. దానికీ డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కావాలని వారు చెప్పలేదు, మేము అడగలేదు. ఇంటికి తెచ్చి పెడితే అదీ పనిచేయలేదు.

గణితం బోధించినవాడిని కాబట్టి, రుజువు లేకుండా జవాబును ఒప్పుకోవడం నాకు చేతకాదు. కార్డు నిజంగా చెడిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒకే ఒక ఆదేశం చాలు. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఎల్, ఎస్, పీ, సీ, ఐ అనే చిన్నబడి ఇంగ్లిషు అక్షరాలను కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత పక్కన ఎన్, ఎన్, కే అని కొడితే, మదర్‌బోర్డుకు తగిలించిన పరికరాల జాబితా వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అనే వరుసలో బ్రాడ్‌కామ్ బీసీఎం 43142 అని స్పష్టంగా ఉంది. పూర్తిగా చచ్చిపోయిన కార్డు తన పేరు తాను చెప్పుకోలేదు కదా! ఆ వరుస కింద, వాడుకలో ఉన్న డ్రైవర్ అనే చోట బీసీఎంఏ అని కనిపించింది. అది కార్డును సిస్టంకు కలిపే వంతెన మాత్రమే, వైఫైని నడిపేది కాదు. ఈ కార్డును నడిపేది బ్రాడ్‌కామ్ వారి సొంత డ్రైవర్, దాని పేరు డబ్ల్యూఎల్. దాని లైసెన్సు కారణంగా అది లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌తో కలిసి రాదు, విడిగా ఎక్కించుకోవాలి.

నెట్ లేకుండా డ్రైవర్ ఎలా తెచ్చుకోవాలన్న చిక్కుకు జవాబు జేబులోనే ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కు వస్తుంది. ఆ తర్వాత అడిషనల్ డ్రైవర్స్ అనే కిటికీలో బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను ఎంచుకున్నాము. మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టాము. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు తెర వచ్చింది. "పెద్దబాపూ, ఏదన్న నొక్కుమంటున్నది, నొక్కాల్నా?" అని పిల్లవాడు అడిగి, నేను కళ్లద్దాలు పెట్టుకునేలోపే పది సెకన్లు అయిపోయి తెర పోయింది. వైఫై రాలేదు.

చాలామంది ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే అని నా నమ్మకం. సెక్యూర్ బూట్ (యంత్రం లేచేటప్పుడు సాఫ్ట్‌వేర్ సంతకాలను సరిచూసే భద్రతా ఏర్పాటు) ఆన్‌లో ఉన్న యంత్రం, తనకు తెలియని సంతకం ఉన్న డ్రైవర్‌ను లోపలికి రానివ్వదు. ఆ సంతకాన్ని మనం గుర్తిస్తున్నామని చెప్పడానికే ఆ నీలం తెర. డ్రైవర్‌ను చేత్తో లోడ్ చేయబోతే, తాళంచెవిని, అంటే ఆ సంతకాన్ని, తిరస్కరించామనే అర్థం వచ్చే ఒక పంక్తి కనిపించింది. కార్డు చెడిపోలేదనడానికి అంతకన్నా ఏం కావాలి? మళ్లీ నమోదు ప్రక్రియ మొదలుపెట్టి, ఈసారి తెర రాగానే ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్ (ఈ తాళంచెవిని నమోదు చేయి అని అర్థం) అనేది ఎంచుకుని, ముందు పెట్టిన పాస్‌వర్డే కొట్టాము. యంత్రం తిరిగి లేచేసరికి చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లన్నీ వరుసగా వచ్చాయి. మా రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ పేరు మాత్రం రాలేదు. ఈ కార్డు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి అది లోపం కాదు.

అన్ని కార్డులకూ ఇంత శ్రమ ఉండదు. ఒక్కోసారి ఎయిర్‌ప్లేన్ మీట పొరపాటున నొక్కుకుపోవడమే కారణం. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే ఆదేశంతో అది తెలిసిపోతుంది. ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కొరత కూడా తగ్గింది. డెబియన్ అనే మరో లైనక్స్ రకం వారు 2022లో ఓటింగ్ జరిపి, 2023 జూన్‌లో విడుదలైన 12వ వెర్షన్ నుంచి అవసరమైన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. అయితే పైన చెప్పిన బ్రాడ్‌కామ్ డ్రైవర్ అందులో రాదు, దానిని నేటికీ విడిగానే తెచ్చుకోవాలి.

దుకాణం వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. రోజుకు ఎన్నో యంత్రాలు చూసేవారికి లైనక్స్ పరిచయం లేకపోవచ్చు. తెలియదని చెప్తే మేము సంతోషంగా మరొకరి దగ్గరకు వెళ్లేవాళ్లం. తెలియనిదాన్ని "ఖరాబైంది" అనడంతో, నెలకు ఇంత అని లెక్క చూసుకుని చదువుకునే పిల్లవాడి 700 రూపాయలు పోయాయి. కాబట్టి కార్డు మార్చాలని చెప్పే ప్రతి దుకాణమూ, కార్డు పేరు జాబితాలో కనిపించిందా లేదా, ఏ డ్రైవర్‌తో పరీక్షించారు అనే రెండు సంగతులు రిపేరు చీటీ మీద రాసి ఇవ్వాలని కోరుతున్నాను. కాకతీయ విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్ఐటీ విద్యార్థులు నెలకు ఒక ఆదివారం ఇలాంటి యంత్రాలను చూసిపెట్టడానికి ముందుకు వస్తే, వారికి టీ, టిఫిన్ ఖర్చు భరించడానికి నేను, నా స్నేహితులు ఇద్దరు సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.